పన్నెండో ప్లాటులో తగ్గిన ఇరవై రెండు అంగుళాలు

2011 సెప్టెంబరు 22, గురువారం. సకల జనుల సమ్మె మొదలై అది పదో రోజు. ఆర్టీసీ బస్సులు డిపో దాటడం లేదు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి షేర్ ఆటోలో బయలుదేరాను. చైతన్యపురి దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటో సందుల్లోంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి పదిన్నర అయింది. నా పని తొమ్మిదిన్నరకి మొదలవ్వాలి. ఆలస్యం ఎవరి వల్ల అయినా నాకు పడదు, ఉద్యమం వల్ల అయినా సరే.

నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. అంటే, కొలిచే సాధనాన్ని కొలవడం. మీరు టేపుతో గుడ్డ కొలుస్తారు, స్థలం కొలుస్తారు. ఆ టేపులో మీటరు నిజంగా మీటరేనా అని చూసేవాళ్ళు ఒకరుండాలి కదా. ఒక పరికరాల కర్మాగారంలో పొడవుల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు ఆ పనే చేశాను. 2006లో రిటైరయ్యాక, ఒకప్పుడు నా దగ్గర జూనియర్‌గా పనిచేసినాయన ఎల్బీనగర్‌లో సొంత ల్యాబ్ పెట్టి నన్ను రమ్మన్నాడు. ఆ ల్యాబ్ అంతకు ముందు కోళ్ళ ఫారం షెడ్డు. అద్దెకు తీసుకోవడానికి కారణం దాని పొడవే. పన్నెండు మీటర్ల ఉక్కు పట్టా వంపు లేకుండా పట్టే గది నగరంలో దొరకడం కష్టం. కోళ్ళకి మా కృతజ్ఞతలు.

ఆ పట్టా ఒక చివర లేజర్ ఉంటుంది. ఎర్రటి సన్నని వెలుగు. వెలుగుకి అలలుంటాయి, ఒక అల పొడవు 6328 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే పరమాణువుల లోకంలో వాడే కొలబద్ద. ఒక మీటరులో వెయ్యి కోట్ల ఆంగ్‌స్ట్రామ్‌లు పడతాయి. ఇనుములో ఒక పరమాణువుకీ పక్క పరమాణువుకీ మధ్య దూరం సుమారు రెండున్నర. పట్టా మీద చిన్న అద్దం జరుగుతూ పోతుంటే, ఇంటర్‌ఫెరోమీటర్ అనే యంత్రం అది ఎన్ని సగం అలల దూరం జరిగిందో లెక్క పెడుతుంది. ఆ లెక్కే కొలత. ఇనుప కడ్డీ అరుగుతుంది, గుడ్డ టేపు సాగుతుంది. ఈ వెలుగు అల అరిగేది కాదు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు ఇద్దరు మనుషులు రెండు స్కూటర్ల మీద, ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో స్టీలు టేపు.

ఒకాయన మల్లేశం. యాభై ఏళ్ళుంటాయి. పోచంపల్లి వైపు నేత కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. రెండో ఆయన కోటేశ్వరరావు మాస్టారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నాదర్‌గుల్ రోడ్డులో ఇద్దరివీ పక్కపక్క ప్లాట్లు.

"మేడం, గీ టేపు సక్కగున్నదో లేదో సూశి చెప్పుండ్రి. సారుది గుడ సూడుండ్రి. ఎవలది దొంగ టేపో తేలిపోవాలె" అన్నాడు మల్లేశం.

"దొంగ అనే మాట ముందు ఆయనే అన్నాడండీ, గుర్తుపెట్టుకోండి" అన్నారు మాస్టారు.

రెండు టేపులూ పట్టా మీద పెట్టి చూశాను. పది మీటర్లకి ఒకటి అర మిల్లీమీటరు ఎక్కువ, ఒకటి పావు మిల్లీమీటరు తక్కువ. రెండూ మంచివే. ఆ మాట చెబితే ఇద్దరి మొహాలూ ఒకేలా వాడిపోయాయి. తగువులో ఉన్నవాళ్ళకి రెండూ మంచివే అన్న జవాబంత చేదు ఇంకొకటి ఉండదు.

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఆ లైనులో పన్నెండు ప్లాట్లు. ఒక చివర రోడ్డు, ఇంకో చివర పాత రాతి కాలువ. కాగితాల్లో ఒక్కో ప్లాటు వెడల్పు ముప్పై మూడడుగులు. పన్నెండోది, కాలువ పక్కది, మాస్టారుది. 1990లో వేరొకరి దగ్గర కొనుక్కుని అలాగే వదిలేశారు. ఇప్పుడు ఇల్లు మొదలుపెడదామని టేపు పెడితే కాలువ నుంచి మల్లేశం గోడ దాకా ముప్పై ఒక్క అడుగుల రెండంగుళాలే వచ్చింది. ఇరవై రెండు అంగుళాలు తక్కువ.

"ఈయన 2003లో షెడ్డు కట్టాడండీ. అప్పుడు మా స్థలం ఖాళీగా ఉంది, అడిగేవాడు లేడు. గోడ జరిపేశాడు. సర్వే ఆఫీసుకి వెళ్దామంటే సమ్మె. ఇప్పుడు సమ్మెలో ఉన్నది కూడా వీళ్ళే కదా" అన్నారు మాస్టారు.

"సమ్మెకు, నా గోడకు ఏం సంబంధం సారూ? ఇగ ఎండాకాలంల వాన పడకున్నా మా వల్లనే అంటరు."

"అనిపించుకునే పనులు చేస్తే అంటారు మరి."

"మీరు అవుతలి నుంచి వొచ్చి గీడ ముప్పై ఏండ్లు ఉన్నరు. ఒక్కనాడన్న ఏమన్న అన్నమా? గిప్పుడు నన్ను దొంగను చేస్తుండ్రు."

ఆ రోజుల్లో ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే చేరేది. నేను ఇద్దరినీ ఆపి, గోడ ఉంటే ఎవరికి ఏం పోతుందో, పడగొడితే ఎవరికి ఏం పోతుందో చెప్పమన్నాను. మాస్టారు తన సంగతి చెప్పారు: ఇరవై రెండు అంగుళాలు పోతే మెట్లు ఇంట్లో ఇమడవు, ప్లాను మొత్తం మారిపోతుంది.

"ఆ గోడకు ఆనుకొని మా అవ్వ మగ్గం ఉన్నది మేడం" అన్నాడు మల్లేశం. "గుంట మగ్గం."

గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని తొక్కే మగ్గం. మంచంలా ఎత్తి ఇంకో గదిలో వేసేది కాదు. గోడ ఇరవై రెండు అంగుళాలు లోపలికి జరిగితే సరిగ్గా ఆ గొయ్యి మీద పడుతుంది. మల్లేశం వైపు అవ్వ అంటే అమ్మే. పేరు అండాలమ్మ, డెబ్బై ఆరేళ్ళు. ఊళ్ళో మగ్గం తీసేసి కొడుకుతో పాటు ఇక్కడికి వస్తూ ఒక్క షరతు పెట్టిందట: ఇక్కడా గొయ్యి తవ్వాలి. "కొత్త గొయ్యి తవ్వాల్నంటే పక్కన బోరు ఉన్నది, అవుతల దేవుని అర్ర. ఇంక జాగ లేదు. మగ్గం పోతే అవ్వ కాళ్ళు ఏడ పెడ్తది?" అన్నాడు.

"మీ ప్లాటు లోపల ఎంతుంది?" అని మల్లేశాన్ని అడిగాను. "మాస్టారు కొలిచారా?"

"రానిస్తే కదండీ కొలవడానికి!" అన్నారు మాస్టారు. మల్లేశం స్కూటర్ తాళం చెవి వేలికి తిప్పుకుంటూ ఉండిపోయాడు.

మాస్టారు టీ తాగడానికి వెళ్ళిన సమయంలో మల్లేశం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మేడం, మీకొక్కలకే చెప్తున్న. నేను కొలిశిన. నాది ముప్పై మూడు ఫీట్ల మీద రెండించులు ఎక్కువ ఉన్నది. నేనైతే ముట్టలే. పాతినప్పటి కడీల మీదనే గోడ కట్టిన. గని రెండించులు ఎక్కువొచ్చిందంటే సారు ఊకుంటడా?"

మీరు లెక్కలు ఇష్టపడేవాళ్ళైతే ఈపాటికే కనిపెట్టి ఉంటారు. నాకు కూడా కాగితం అక్కర్లేకపోయింది. మాస్టారుకి ముందున్నవి పదకొండు ప్లాట్లు. ఒక్కోదాంట్లో రెండంగుళాలు ఎక్కువ పోతే పదకొండు రెళ్ళు ఇరవై రెండు. గోడ జరిపితే మల్లేశానికి ఇరవై రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి, రెండు కాదు. తప్పు గోడలో లేదు. ముప్పై మూడడుగులని ఎవరో దేనితోనో పదకొండు సార్లు కొలిచారు. ఆ కొలిచిన సాధనమే రెండంగుళాలు పొడుగై ఉండాలి.

"ఆ హద్దు కడీలు ఎవరు పాతారు?"

"లక్ష్మయ్య తాత. గొలుసు పట్టుకొని కొలుస్తుండె. ఇంక ఉన్నడు, ఊర్లనే."

"గొలుసో?"

"అది గుడ ఉన్నది. కొట్టంల మేకుకు ఏలాడ్తది."

ఆ గొలుసునీ, ఆయననీ తీసుకు రమ్మన్నాను. మాస్టారు తిరిగొచ్చాక, మల్లేశం చెప్పినదంతా ఆయన ముందే చెప్పాలని పట్టుబట్టాను. నా ల్యాబ్‌లో ఒకరికి తెలిసిన కొలత ఇంకొకరికి తెలియకుండా ఉండటానికి వీల్లేదు. మల్లేశం తల వంచుకుని రెండంగుళాల మాట చెప్పాడు. మాస్టారు "చూశారా!" అని లేచి, వెంటనే వేళ్ళు మడిచి పదకొండు రెళ్ళు గుణించుకుని, మెల్లగా కూర్చున్నారు. లెక్కల మాస్టారుతో అదొక సుఖం.

శనివారం లక్ష్మయ్య వచ్చాడు, మల్లేశం స్కూటర్ వెనక, ఒళ్ళో గోనెసంచితో. ఎనభై మూడేళ్ళు, నిటారుగా ఉన్నాడు. సంచిలోంచి గొలుసు తీసి పట్టా మీద పరిచాం. ఇనుప కడ్డీలు, వాటి మధ్య ఉంగరాలు, రెండు చివర్లా ఇత్తడి పిడులు. పరవడం పూర్తయీ కాకముందే మాస్టారు లేచారు.

"ఏమండీ, ఇది సగమే ఉంది! మిగతా సగమేది? గొలుసంటే అరవై ఆరడుగులు, వంద లింకులు. మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి చూశాను. సగం గొలుసు పట్టుకొచ్చి మొత్తమంటే ఎలాగండీ?"

లక్ష్మయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "గిది మొత్తమే. ముప్పై మూడు ఫీట్లు, పదహారు అణాలు. నిజాం కాలం నుంచి గింతే."

"మాది సగం కాదు సారూ, మీదే రెండింతలు" అన్నాడు మల్లేశం.

ఈ ఒక్కసారికి ఇద్దరి మాటా నిజమే. కోస్తా జిల్లాల్లో సర్వే గొలుసు అరవై ఆరడుగులు, దాన్ని వంద లింకులు చేస్తారు, భూమిని సెంట్లలో లెక్కిస్తారు. తెలంగాణలో గొలుసు ముప్పై మూడడుగులు, దాన్ని పదహారు అణాలు చేస్తారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే అది గుంట. నలభై గుంటలు ఎకరం. ఇక్కడి ప్లాట్లు ముప్పై మూడడుగులు ఉండటానికి కారణం కూడా అదే. ఒక్కసారి గొలుసు లాగితే ఒక ప్లాటు. ఇదంతా చెప్పాక మాస్టారు "ఓహో, గుంట అంటే అదా! ముప్పై ఏళ్ళ నుంచి గజాల్లోకి మార్చుకుంటూ బతుకుతున్నాను" అన్నారు. ఆయన నవ్వడం అదే మొదటిసారి.

కొలిచే ముందు ఇనుము గది వేడికి అలవాటు పడాలి. మా గది ఇరవై డిగ్రీలు. పది డిగ్రీలు పెరిగితే ఈ గొలుసు ఒక మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. అందుకని ఒక రోజంతా పట్టా మీద పడుకోబెట్టాలి. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో అప్పుడు కరెంటు కోతలు. రెండుసార్లు ఏసీ ఆగి, గది ఇరవై ఏడుకి పోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి మంగళవారం మధ్యాహ్నానికి కుదిరింది. ముగ్గురూ వచ్చారు.

ఇంకొక్క మెలిక ఉంది. గొలుసుని ఎంత గట్టిగా లాగితే అంత పొడుగు. ఒక చివర స్ప్రింగు త్రాసు తగిలించి, రెండో చివర లక్ష్మయ్యని పట్టుకోమన్నాను.

"పొలంల ఎట్ల లాగేటోడివో గట్లనే లాగు తాతా" అన్నాడు మల్లేశం.

"గప్పుడు సంగటి తినేటోన్ని. గిప్పుడు గోలీలు తింటున్న" అని, కాలు వెనక్కి వేసి లాగాడు. ఏడు కిలోలు. మళ్ళీ లాగమన్నాను, ఎనిమిది. మళ్ళీ, ఏడు. నేను ఏడున్నర దగ్గర కట్టి బిగించాను.

అద్దం ఒక పిడి నుంచి రెండో పిడి దాకా జరిగింది. యంత్రం మూడు కోట్ల పందొమ్మిది లక్షల యాభై వేల సగం అలలు లెక్కపెట్టింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా రాలేదు. పది మీటర్ల నూట తొమ్మిది మిల్లీమీటర్లు. ముప్పై మూడడుగులకి ఉండాల్సింది పది మీటర్ల యాభై ఎనిమిది పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. తేడా యాభై పాయింట్ ఆరు. రెండంగుళాలంటే యాభై పాయింట్ ఎనిమిది.

"రెండంగుళాలకి ఒక గోరు దుమ్ము తక్కువ" అన్నాను.

మల్లేశం ఊపిరి వదలడం నాకు వినిపించింది. లక్ష్మయ్య మాత్రం పిడి వదలకుండా నిలబడి ఉన్నాడు.

"అంటే నేను తప్పు గొలుసుతోని కొలిశిన్నా బిడ్డా? ఎన్ని ఊర్లు కొలిశిన! గందరికి తప్పు కొలిశిన్నా?"

"గొలుసుని ఎప్పుడైనా సరిచూసేవాడివా?" అని అడిగాను.

"సూడకేం? చావడి గద్దె మీద రెండు గీతలు చెక్కి ఉండె. ఏటేట ఎండాకాలంల గొలుసు దాని మీద పెట్టి సూశేటోళ్ళం. పొడుగైతే ఒక ఉంగరం తీశి చిన్నది ఏశేటోళ్ళం. అరవై నాలుగుల రోడ్డు కోసం చావడి పడగొట్టిండ్రు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మా బామ్మర్ది గొలుసుతోని సూశేటోన్ని. వాడు నాదానితోని సూస్కుంటుండె. ఇద్దరం ఒకటే జీతం, ఒకటే పొలం, ఒకరోజు వాని గొలుసు, ఒకరోజు నాది. ఎన్నడు పక్కపక్కన పెట్టినా సమానం. ఒక్క దారమంత తేడ రాలే."

ముప్పై తొమ్మిదేళ్ళ నా పనిలో విన్న మాటల్లో అంత బాగా విషయం చెప్పింది ఇంకొకటి లేదు. రెండు గొలుసులూ ఒకే పొలంలో ఒకేలా అరిగాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టిన ప్రతిసారీ సమానంగానే ఉన్నాయి. సమానంగా ఉండటమూ, సరిగ్గా ఉండటమూ ఒకటి కాదు. అది ఎవరికైనా తెలియాలంటే మూడోది కావాలి, అరగనిది కావాలి. చావడి గద్దె మీది గీతలు పోయిన రోజున ఆ మూడోది పోయింది. ప్లాట్లు కొలిచింది 1984లో, అంటే ఇరవై ఏళ్ళ తర్వాత.

"పన్నెండో ప్లాటు తక్కువ పడుతోందని ఆ రోజు తెలియలేదా తాతా?" అన్నారు మాస్టారు. ఈసారి గొంతులో తగువు లేదు.

"పన్నెండోది కొలవలే సారూ. పదకొండు కడీలు పాతినంక అవుతల కాలువనే ఉన్నది గదా. మిగిలిందే పన్నెండోది. ఎప్పుడైనా ఆఖరుదానికి గొలుసు పెట్టం, మిగిలిందే ఆఖరుది. ఆ పనే నా ఆఖరు పని గుడ. ఇగ టేపులొచ్చినయి, గొలుసు మేకుకు పెట్టిన."

ఆ చివరి మాట నాకు చాలా అవసరమైన మాట. 1984 తర్వాత గొలుసు వాడలేదు కాబట్టి, ఆ రోజున్న పొడవే సుమారుగా ఈ రోజూ ఉందని అనుకోవచ్చు.

అయినా ఆయన మొహం తేరుకోలేదు. కళ్ళ ముందు ఇంత పొడుగు ఎలా పెరిగింది, తనకి ఎలా కనిపించలేదు అన్నదే ఆయన బాధ. సరే, లెక్క కడదామన్నాను. మాస్టారు సుద్దముక్క అడిగారు. ల్యాబ్‌లో సుద్ద ఉండదు, దుమ్ము పడుతుంది. కాగితం ఇచ్చాను.

తేడా యాభై పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకి కోటి ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే యాభై కోట్ల అరవై లక్షలు. గొలుసులో కడ్డీ, ఉంగరం ఒకదాన్నొకటి రాసుకునే చోట్లు లెక్కపెట్టాం, నూట ఇరవై ఎనిమిది. భాగిస్తే ఒక్కో చోట నలభై లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లకి కాస్త తక్కువ. ఇక ఆ ఇరవై ఏళ్ళలో గొలుసు ఎన్నిసార్లు లాగాడు? రోజుకి నలభై సార్లు, ఏడాదికి వంద రోజులు పని అని లక్ష్మయ్య చెప్పాడు. ఎనభై వేలు.

"నలభై లక్షలని ఎనభై వేలతో భాగిస్తే యాభై" అన్నారు మాస్టారు నాకంటే ముందు.

"యాభై ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇనుము పరమాణువు రెండున్నర. కాబట్టి ఒక్కోసారి లాగినప్పుడు, ఒక్కో చోట, ఇరవై పరమాణువుల మందం అరిగింది" అన్నాను. "ఉంగరాల అతుకులు కొంచెం తెరుచుకోవడం కూడా ఇందులో ఉంటుంది, కాబట్టి ఇది దగ్గర లెక్క మాత్రమే. ఇరవై కాకపోతే పదిహేను."

"ఇరవై అంటే ఎంత బిడ్డా?" అన్నాడు లక్ష్మయ్య.

"నీ తల వెంట్రుక మందం సుమారు ఎనిమిది లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు. పదహారు వేల సార్లు లాగితే ఒక వెంట్రుకంత."

ఆయన చేయి తల మీదికి పోయింది. అక్కడ పెద్దగా వెంట్రుకలు లేవు. మల్లేశం నవ్వాపుకోలేకపోయాడు.

"గంత సన్నం నేనెట్ల సూస్త?"

"ఎవరూ చూడలేరు. ఈ లేజరు లేకపోతే నేనూ చూడలేను."

"అయితే నేను దొంగను కాదు. గొలుసు దొంగ."

"గొలుసు కూడా దొంగ కాదండీ. పని చేసింది, అరిగింది. మా మోకాళ్ళలాగే" అన్నారు మాస్టారు.

లక్ష్మయ్య అప్పుడు పిడి వదిలాడు.

సర్టిఫికెట్ రాసేటప్పుడు చిన్న గొడవైంది. 1984లో ఈ గొలుసు ఇంతే ఉందని కూడా రాయమన్నారు మాస్టారు. రాయనన్నాను. నేను కొలిచింది 2011 సెప్టెంబరు 27న, ఇరవై డిగ్రీల దగ్గర, ఏడున్నర కిలోల లాగుడుతో. అంతవరకే నా సంతకం. మిగతాది వాళ్ళు తర్కించుకోవాలి. "మీరు పరీక్ష పేపర్లు దిద్దితే పిల్లలు బతికేవాళ్ళు కాదండీ" అన్నారు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను కూడా నాదర్‌గుల్ రోడ్డుకి వెళ్ళాను. అది నా పనిలో భాగం కాదు, కానీ పదకొండు ప్లాట్ల సంగతి కళ్ళతో చూడకపోతే నిద్ర పట్టదు. సరిచూసిన టేపుతో మాస్టారూ మల్లేశం ఒక్కో ఇంటికీ వెళ్ళి కొలిచారు. ఒక చోట రెండంగుళాలు, ఒక చోట ఒకటిన్నర, ఒక చోట రెండున్నర. పదకొండూ కూడితే ఇరవై రెండుంబావు. తగువుకి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం రెండింటికల్లా చెరో చివర టేపు పట్టుకుని "జర లాగుండ్రి సారూ", "మీ వైపు వదులుగా ఉందయ్యా" అనుకుంటున్నారు. రోడ్డు మొదట్లో బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి.

కానీ అందరి దగ్గరా రెండేసి అంగుళాలున్నాయని తేలినంత మాత్రాన గోడలు జరగవు. మాస్టారుకి ఇరవై రెండూ తక్కువే. ఆయన మల్లేశం షెడ్డులోకి వచ్చి మొదటిసారి ఆ మగ్గం చూశారు. అండాలమ్మ గొయ్యిలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉంది, లేవలేదు. పోగుని బిగించే చెక్క బాదిన ప్రతిసారీ గోడ మీద వేలాడే కండెల బుట్ట వణుకుతోంది.

"ఎన్ని ఇంచులు తక్కువ మాస్టారు?" అంది తల ఎత్తకుండా.

"ఇరవై రెండమ్మా."

"నువ్వు కట్టే గోడ ఎంత మందం?"

"తొమ్మిది అంగుళాలు."

"గోడ పక్కన గోడ ఎందుకు? మా గోడకు ఆనించి కట్టుకో. నీ తొమ్మిదించులు నీకు మిగుల్తయి. ఇంక పదమూడే గదా?"

"అవ్వా, ఉమ్మడి గోడ అంటే రేపు..." అని మల్లేశం ఏదో అనబోయాడు.

"రేపేంది రా? పన్నెండేండ్లు గా గోడ ఒక్కతే నిలవడ్డది. ఇంకొకలు ఆనుకుంటే దానికేం బరువు?"

మాస్టారు అక్కడే నేల మీద కూర్చుని, వేలితో దుమ్ములో ప్లాను గీశారు. మెట్లు ఇటు నుంచి అటు తిప్పితే, హాల్లో పుస్తకాల అల్మరా మానేస్తే, పదమూడు అంగుళాలు సర్దుకుంటాయి. కాసేపు ఆలోచించి, "మగ్గం చప్పుడు మా ఇంట్లోకి వస్తుందేమో" అన్నారు.

"వస్తది. పొద్దుగాల ఐదింటికే వస్తది."

"మంచిదే. మా ఆవిడకి అలారం పెట్టే పని తప్పుతుంది" అన్నారు.

షెడ్డు కట్టింది 2003లో కాబట్టి ఆ గోడ వయసు ఎనిమిదేళ్ళే, పన్నెండు కాదు. అండాలమ్మ గారి లెక్క తప్పు. ఆ రోజు నేను సరిచేయలేదు, ఇక్కడ సరిచేస్తున్నాను.

మరుసటి ఏడాది గృహప్రవేశానికి నన్ను పిలిచారు. హాల్లో ఉమ్మడి గోడ ముందు మాస్టారు కుర్చీ. వెళ్ళిన కాసేపటికి అటువైపు మగ్గం మొదలైంది. మాస్టారు నా చెయ్యి గోడ మీద పెట్టమన్నారు. చెక్క బాదినప్పుడల్లా అరచేతికి సన్నగా తెలుస్తోంది. లక్ష్మయ్య కూడా వచ్చి ఉన్నాడు, తన అరచేయీ పక్కన ఆనించాడు.

ఈ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. అంతకుముందు ఎవరైనా సాధనం తెస్తే ఎంత తేడా ఉందని అనుమానం అని అడిగేదాన్ని. ఇప్పుడు మొదట, ఇన్నాళ్ళూ దీన్ని దేనితో సరిచూశారు అని అడుగుతాను. చాలామంది దాని జతదాన్నే చూపిస్తారు. రెండూ సమానంగా ఉన్నాయండీ అంటారు, ధీమాగా. అప్పుడు నేను లక్ష్మయ్య గొలుసు కథ చెబుతాను. అరిగేదాన్ని దానితో పాటే అరిగినదానితో సరిచూడకూడదు, మధ్యలో అరగనిది ఒకటి ఉండాలి. ఆ గొలుసు ఇప్పుడు మా షెడ్డు గోడకే వేలాడుతోంది, 'వాడరాదు' అన్న చీటీతో. లక్ష్మయ్యే ఇచ్చాడు.

ఆ రోజు గోడ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉండగా మాస్టారు అడిగారు: "మేడం గారూ, మగ్గం బాదితే ఈ గోడ ఎంత కదులుతుందంటారు? ఆంగ్‌స్ట్రామ్‌లలో చెప్పండి."

"కొలవకుండా ఎట్లా చెబుతాను?" అన్నాను.

తర్వాతి ఆదివారం యంత్రం పట్టుకెళ్ళి కొలిచాను. అండాలమ్మ గారు బాదిన ఒక్కో దెబ్బకి, సుమారు నాలుగు వేలు.